అంతయ్య సారు మాట, నా దిద్దుబాటు

బల్ల దగ్గర

చట్టసభలో రిపోర్టరు అనగానే పత్రికా విలేకరి అనుకుంటారు. మా మొయినాబాద్ కాలనీలో ఇప్పటికీ కొందరు "మీది ఏ పేపరు మేడం" అని అడుగుతూనే ఉన్నారు. ఏ పేపరూ కాదు. సభలో ఎవరేం మాట్లాడితే అది పొల్లు పోకుండా రాసే ఉద్యోగం నాది. అధ్యక్షుల కుర్చీకి కింద, సభకు నట్టనడుమ ఒక బల్ల ఉంటుంది. అక్కడ కూర్చుని అయిదు నిమిషాలు షార్ట్‌హ్యాండులో రాస్తాం. ఇంకొకరు వచ్చి కూర్చోగానే లేచి మా గదికి పోయి, ఆ అయిదు నిమిషాల మాటల్నీ మామూలు తెలుగులోకి ఎత్తి రాస్తాం. అది పూర్తయ్యేసరికి మళ్లీ వంతు వస్తుంది. నా ఉద్యోగ జీవితమంతా అయిదేసి నిమిషాల ముక్కలుగా గడిచింది.

ఈ మధ్య ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు ఇంటికి వచ్చి, "మేడం, మాకు పనికొచ్చేది ఏమైనా రాసిపెట్టండి" అన్నారు. వేగం ఎలా పెంచుకోవాలో పుస్తకాల్లో ఉంది. పదోన్నతుల సంగతి సర్వీసు రూల్సులో ఉంది. ఈ రెండు చోట్లా దొరకనిది నా దగ్గర ఒకటే ఉంది. అది నేను చేసిన ఒక తప్పు. దానితోపాటు ఒక మనిషి కథ కూడా చెప్పాలి. అందుకే ఇది కాస్త పొడుగ్గా సాగుతుంది, ఓర్చుకోండి.

ముందు నా సంగతి. మాది గోదావరి కాలువ పక్క ఊరు. మా ఆయనకు కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం వచ్చి హైదరాబాదు చేరాం. నగరంలో అద్దెలు భరించలేక మొయినాబాద్‌లో స్థలం కొని ఇల్లు వేసుకున్నాం. అప్పట్లో ఇంటి చుట్టూ పాలకూర మళ్లూ, చామంతి తోటలే. తరవాత ఐటీ జోరు వచ్చింది. రోడ్డుకు రెండు పక్కలా రంగు జెండాలు పాతిన వెంచర్లు మొదలయ్యాయి. పొద్దున మెహిదీపట్నం బస్సులో నా పక్కన కూరగాయల గంపతో యాదమ్మ కూర్చునేది. తనది మా వీధి చివరి ఇల్లే. ఆమె తోటకూరకూ నా టిఫిన్ డబ్బాకూ మధ్య రోజూ జాగా తగాదా నడిచేది, అలాగే స్నేహం కుదిరింది.

ఖాద్రీ సాబు సూత్రం

మా పై అధికారి ఖాద్రీ సాబు. పాతబస్తీ మనిషి. ఉర్దూ రిపోర్టరుగా చేరి, తెలుగు తరవాత పట్టుదలగా నేర్చుకుని, మా అందరికన్నా తప్పుల్లేకుండా రాసేవారు. ఆయన మాకు నేర్పిన సూత్రం ఒకటే.

"జబాన్ దిద్దున్రి అమ్మా. మతలబు ముట్టుకోకున్రి."

అంటే భాష సరిచేయొచ్చు, అర్థం జోలికి పోకూడదు. సభ్యులు కోపంలో వాక్యం సగంలో వదిలేస్తారు. ఒకే మాట నాలుగుసార్లు అంటారు. ఇంట్లో మాట్లాడే భాషే మాట్లాడతారు. దాన్ని అచ్చులో చదవడానికి వీలుగా మేం సాపు చేయాలి. "పోతున్న" అంటే "పోతున్నాను" అనీ, "గిట్ల జేస్తె ఎట్ల" అంటే "ఇలా చేస్తే ఎలా" అనీ రాయాలి. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. కొంచెం గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు.

ఇప్పుడు తీరిగ్గా చూసుకుంటే ఒక సంగతి ఒప్పుకోవాలి. మా గోదావరి వైపు సభ్యులు మాట్లాడితే నా కలం పెద్దగా అడ్డం తిరిగేది కాదు. "ఏటండీ" లాంటివి ఒకటి రెండు తీసేస్తే సరిపోయేది. ఇటువైపు సభ్యులు లేస్తే మాత్రం ప్రతి వాక్యాన్నీ ఉతికి ఆరేసేదాన్ని. అచ్చు తెలుగంటే మా ఊరి తెలుగే అని ఎవరూ నాకు చెప్పలేదు. నేనే అనుకున్నాను.

అంతయ్య సారు

ఆయన పెద్దల సభకు ఉపాధ్యాయుల తరఫున గెలిచి వచ్చారు. చేవెళ్ల దాటి లోపలికి పోతే వచ్చే ఊరు, పేరు రాయను. జీవితమంతా బడిలో తెలుగు పంతులు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, జేబులో ఎర్ర సిరా పెన్ను. ఆయన లేచి నిలబడ్డారంటే అటు ప్రభుత్వం వాళ్లూ ఇటు ప్రతిపక్షం వాళ్లూ కూడా సర్దుకుని కూర్చునేవాళ్లు, ఆ రోజు ఎవరి వంతో తెలియదు కనక.

మొదటి రోజే నాతో పేచీ పెట్టుకున్నారు. మేం రాసిన ప్రసంగం కాపీని సభ్యులకు పంపుతాం. తప్పులుంటే దిద్ది, సంతకం చేసి తిరిగి పంపాలి. ఆయన కాగితాలు పట్టుకుని నేరుగా మా గదికే వచ్చారు.

"ఇది రాసినోళ్లెవరు?"

"నేనేనండి, వరలక్ష్మి."

"మంచిగున్నది బిడ్డా. నాకన్న మస్తుగ మాట్లాడిండు. ఎవలీయన?"

గదిలో అందరూ నవ్వారు. నాకు మండింది. "మీరు మాట్లాడిందేనండి, అచ్చుకు తగ్గట్టు మార్చాం" అన్నాను.

"నా పేరు గూడ మారిస్తివి. అనంతయ్య అని రాసినవ్. నేను అంతయ్యను. మా అవ్వ గట్లనే పిలిచింది."

"రికార్డులో మీ పేరు అనంతయ్య అనే ఉందండి."

"రికార్డుల ఉన్నోడు వేరే. ఆయన జీతం దీస్కున్నడు, పింఛను దీస్కుంటుండు. మాట్లాడేటోడు అంతయ్య."

మరి బడిలో ఏ భాష చెప్పారని అడిగాను. "సంధులు, సమాసాలు అన్ని జెప్పిన. పిల్లలను కొట్టి మరీ జెప్పిన. ఇగ ఈ వయసుల నన్ను నా తీరుగ మాట్లాడనియ్యవా?" అన్నారు. ఆ తరవాత నుంచి కాపీలు చదవడం మానేశారు. చదవకుండానే చివరి పేజీలో సంతకం పెట్టి పంపేవారు. ఎందుకని అడిగితే, "కాపీలు దిద్ది దిద్ది పానం పోయింది బిడ్డా. ఇంక నా కాపీ గూడ నేనే దిద్దాల్నా?" అనేవారు.

ఆయన మాట ఎంత దురుసో అంత తమాషా. ఒకసారి మంత్రిగారు, బడులన్నింటికీ కంప్యూటర్లు వెళ్లాయని, మన పిల్లలు ప్రపంచాన్ని ఏలుతారని చాలాసేపు చెప్పారు. అంతయ్య సారు లేచి, "మా మండలంల ఒక బడికి కంప్యూటర్ వచ్చింది అధ్యక్షా. కరెంటు రాలే. అందుకని డబ్బా ఇప్పలే. మొన్న వోయి చూస్తే ఆ డబ్బా మీద కోడి పొదిగింది. పన్నెండు పిల్లలు లేసినయి. మంత్రిగారు అవిటిని గూడ లెక్కల రాసుకోవాలె" అన్నారు. నేను బ్రాకెట్లో (నవ్వులు) అని రాశాను. ఆ రోజుల్లో ఆయన వంతు వస్తే ఆ మాట ముందే రాసి పెట్టుకోవచ్చు.

అన్నిసార్లూ ఆయన మాట సబబుగా ఉండేది కాదు. ఒకరోజు భూముల మీద మాట్లాడుతూ మా కోస్తా వాళ్లందరినీ ఒకే గాటకు కట్టి తిట్టారు. ఆ అయిదు నిమిషాలూ నావే. తల వంచుకుని రాశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా ఒక్క మాట వదల్లేదు. సభ వాయిదా పడ్డాక బల్ల పక్కనుంచి పోతూ ఆగారు.

"నిన్ను అన్లే బిడ్డా."

"రాసేశానండి."

"అది నీ పని, రాయాలె. గని నిన్ను అన్లే." కాసేపు నిలబడి, "అందర్ని అనుడు తప్పే అయింది" అని వెళ్లిపోయారు. మర్నాడు సభలో లేచి ఆ మాట వెనక్కి తీసుకున్నారు. సభలో అంత పెద్దమనిషి తనంతట తాను మాట వెనక్కి తీసుకోవడం నేను చాలా అరుదుగా చూశాను.

మూడు కుంటలు

ఇక అసలు సంగతి. వానాకాలం సమావేశాల్లో ఆయన తన ఊరి గురించి ప్రశ్న వేశారు. ఊరి చుట్టూ వెంచర్లు వచ్చాయి. పొలాల నడుమ మూడు చిన్న చెరువులున్నాయి. వాటి కిందే ఊరి వరి, కూరగాయలు, బావుల్లో నీళ్లు. వాటిని మట్టితో పూడ్చి ప్లాట్లు చేయాలని చూస్తున్నారు. ఆ రోజు ఆయన నవ్వించలేదు. చేతులు జోడించి మాట్లాడారు.

"నేను ఏం అడుగుతలేను అధ్యక్షా. రోడ్డు వద్దు, బంగ్లా వద్దు. మా మూడు కుంటలు మాకు ఉండనియ్యిన్రి. గవి వోతె మా ఊరు వోయినట్టే."

మంత్రిగారు లేచారు. మంచిగానే జవాబిచ్చారు. గౌరవ సభ్యులు చెప్పిన ఆ మూడు కుంటల జోలికి ఎవరూ పోకుండా చూస్తామని సభకు హామీ ఇచ్చారు. సభ్యులు బల్లలు చరిచారు. సభలో మంత్రి హామీ ఇస్తే అది గాలి మాట కాదు. మా దగ్గరి ఒక విభాగం ఆ ఒక్క వాక్యాన్నీ విడిగా తీసి సంబంధిత శాఖకు పంపుతుంది. అక్కణ్నుంచి అది జిల్లాకూ, మండలానికీ దిగుతుంది. ఏం చేశారో తిరిగి రాయాలి. అంత దూరం ప్రయాణం చేసేది మేం రాసిన మాటే.

ఆ అయిదు నిమిషాలు నావి. గదికి వచ్చి ఎత్తి రాస్తూ "కుంటలు" దగ్గర ఆగాను. మా ఊళ్లో నీళ్లు నిలిచే చోటును గుంట అంటాం. గేదెల్ని కడిగే గుంట, తామర గుంట. ఈయన "గిట్ల, గట్ల" అని అన్నిటికీ గ తగిలిస్తారు కదా, తగిలించాల్సిన చోట మాత్రం క అంటున్నారేమిటని నవ్వుకున్నాను కూడా. ఆయన మాటలోనూ, మంత్రి మాటలోనూ "గుంటలు" అని దిద్దాను. మా గదిలో శ్రీకాకుళం అమ్మాయి ఒకతె ఉండేది. తొంగి చూసి, "మూడు గుంటలా? మా వైపు గుంటలంటే ఆడపిల్లలండి" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఒక మాట ఇన్ని ఊళ్లలో ఇన్ని రకాలుగా ఉంటుందని ఆ క్షణాన నా కళ్ల ముందే ఉంది. అయినా నాకు తట్టలేదు.

టేపు లేదా అంటారేమో. ఉంది. సభంతా టేపు మీద ఉండేది. అనుమానం వస్తేనే వినేవాళ్లం. నాకు అనుమానమే రాలేదు.

కాపీ అంతయ్య సారుకు వెళ్లింది. ఎప్పటిలాగే చదవకుండా సంతకం చేసి పంపారు.

యాదమ్మ చెప్పిన అర్థం

తరవాతి సమావేశాలు మొదలైన రోజు సాయంత్రం అంతయ్య సారు మా గదికి వచ్చారు. ముఖం నల్లబడి ఉంది. చేతిలో శాఖ నుంచి వచ్చిన జవాబు కాగితం ఉంది.

"సూడు బిడ్డా. హామీ నెరవేర్చినమని రాసిన్రు. మూడు గుంటలు విడిచిపెట్టిన్రట. రేపు సభల ఆ మంత్రిని నిలదీస్త. పక్కా మోసం. సభ ముందల జెప్పినోడు ఇంత మోసం జేస్తడా?"

కుంట, గుంట రెండు మాటలూ నా చెవికి ఒకటే. "మూడూ వదిలారు కదండీ, మంచిదేగా" అన్నాను.

ఆయన నా వంక వింతగా చూశారు. నేను వెటకారం చేస్తున్నాననుకున్నారో ఏమో, కాగితం మడిచి వెళ్లిపోయారు. ఆ చూపు నన్ను బస్సు దాకా వెంటాడింది. ఖాళీ గంపతో యాదమ్మ నా పక్కన కూర్చుంది. ఆమెనే అడిగాను, మూడు గుంటలు విడిచిపెట్టారంటే ఏమిటని.

"ఏంది, జాగనా? మూడు గుంటలంటే ఏమొస్తది అక్కా? రెండు ఇండ్లు గూడ సరిగ రావు."

"జాగా కాదు యాదమ్మా. నీళ్లుండే గుంట."

"నీళ్లుండేది కుంట. గుంటంటే భూమి కొలత. నలభై గుంటలైతె ఎకరం. ఇన్నేండ్ల సంది ఈడ ఉంటున్నవ్, గది గూడ ఎర్కలేదా?"

ఎరక లేదు. మా ఊళ్లో పొలం ఎకరాలు, సెంట్లలో కొలుస్తాం. మొయినాబాద్‌లో నా ఇల్లు గజాల్లో కొన్నాను. గుంట అనే కొలత ఒకటుందని, నా ఇంటి గోడ అవతల అందరూ దానితోనే పొలాలు కొలుచుకుంటున్నారని నాకు తెలియదు. ఏ చెరువు సంగతో తెలియని ఆఫీసులో ఎవరో ఆ ఒక్క వాక్యం చదివి, మంత్రిగారు మూడు గుంటల భూమి వదలమన్నారని అనుకుని ఉంటారు. అనుకున్నారో, అనుకున్నట్టు నటించారో నాకు తెలియదు. వాళ్లకు ఆ దారి తెరిచింది మాత్రం నేనే.

"ఏమైంది అక్కా, పానం బాగ లేదా?" అంది యాదమ్మ. ఏం లేదన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని మొయినాబాద్ వచ్చేదాకా వదల్లేదు.

సన్న గీత

మర్నాడు అందరికన్నా ముందు వెళ్లి బీరువా తీశాను. వానాకాలం నోటుపుస్తకం వెతికి ఆ పేజీ పట్టుకున్నాను. నేను నేర్చుకున్న షార్ట్‌హ్యాండులో క కూ గ కూ గీత ఒకటే, అడ్డంగా ఉంటుంది. సన్నగా గీస్తే క. కాస్త ఒత్తి గీస్తే గ. అంతే తేడా.

నా పేజీలో గీత సన్నగా ఉంది. ఆయన మాటలో రెండుసార్లు, మంత్రి మాటలో ఒకసారి. మూడుసార్లూ సన్నగా, నీటుగా. విన్నది విన్నట్టు నా చెయ్యి రాసింది. గదికి వచ్చి కుర్చీలో కూర్చున్నాక నేను దాన్ని చెడగొట్టాను.

పుస్తకం తీసుకుని ఖాద్రీ సాబు దగ్గరికి పోయాను. జరిగింది చెప్పాను. ఆయన టేపు పెట్టించి విన్నారు. టేపు గరగరలో, బల్లలు చరిచిన చప్పుడులో క వినబడిందో గ వినబడిందో తేలలేదు. అప్పుడు కళ్లద్దాలు పైకి జరిపి, నోటుపుస్తకం కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశారు.

"చెయ్యి బరాబర్ రాసింది అమ్మా. దిమాగే గడ్‌బడ్ జేసింది." పుస్తకం మూసి నా చేతికిచ్చారు. "నేను చెప్పిన సూత్రం గూడ సగమే ఉన్నట్టుంది. జబాన్ ముట్టుకుంటే మతలబు కదలదనుకున్న. సవరణ కాగితం నేను పెడ్త. మీకు మెమో వస్తది. రానీ, మెమోతోని ఎవరూ చావలే. కానీ సారుకు మీరే పోయి చెప్పాలె. నేను చెప్తే ఆఫీసు చెప్పినట్టయితది."

ఇన్నేళ్లలో నాకు చాలామంది అధికారులు వచ్చారు. తప్పు దాచడానికి సాయం చేసేవాళ్లే మంచివాళ్లని చిన్న వయసులో అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి అలా అనుకోలేదు.

అంతయ్య సారు లాబీలో ఒక మూల కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఒళ్లో కాగితాల కట్ట, మంత్రిని కడిగేయడానికి రాసుకున్నది. సభ మొదలవడానికి ఇంక ఎంతో సేపు లేదు. ఎదురుగా నిలబడి చెప్పేశాను. మంత్రిగారు కుంటలే అన్నారని, గుంటలని దిద్దింది నేనని, తెలియక చేశానని.

ఆయన కప్పు కింద పెట్టారు.

"ఒక కుంట పూడింది బిడ్డా" అన్నారు. "ఊరికి పడమర దిక్కుది. లారీల తోని మన్ను వోసిన్రు. ఓ మూలకు మూడు గుంటలు విడిచి, సుట్టు తీగ గట్టి, బోర్డు వెట్టిన్రు. మా నాయిన నాకు ఈత నేర్పింది అండ్లనే."

నేను ఏడ్చాను. నలుగురూ చూస్తున్నారని కూడా అనిపించలేదు.

"ఆ పుస్తకం ఇట్ల దే" అన్నారు. గీత చూపించాను. వేలు పెట్టి, "ఇదేనా కుంట?" అన్నారు.

"అవునండి."

"మరి గుంట ఎట్లుంటది?"

పక్కన కొంచెం ఒత్తి ఇంకో గీత గీశాను. ఆయన రెండు గీతలనూ దగ్గరగా పెట్టుకుని చూశారు, బడిలో పిల్లల దస్తూరీ చూసినట్టు.

"గింతనా ఫరకు" అన్నారు మెల్లగా. గంట మోగింది. లేచి తువ్వాలు సర్దుకున్నారు. "ఇగ కండ్లు తుడుసుకో. పోయి కూసో. రాయాలె గదా."

తప్పు ఎవరిది

సభలో అంతయ్య సారు లేచేసరికి బల్ల దగ్గర వంతు నాదే. మంత్రిగారు ఎదురు వరసలో సిద్ధంగా ఉన్నారు. ఇప్పుడు నా పేరు వస్తుందనుకున్నాను. రావాలి కూడా. పెన్సిలు పట్టుకుని ఎదురుచూశాను.

"అధ్యక్షా, నిన్నటిదాంక నేను మంత్రిగారి మీద కోపంతోని ఉన్న. ఆయనది తప్పు లేదు. ఆయన కుంటలే అన్నడు. అచ్చుల గుంటలని వడ్డది. ఆ కాయిదం నా దగ్గరికి వచ్చింది. సదవకుంట సంతకం వెట్టిన. బడిల పిల్లగాండ్లు సదవకుంట వస్తే బెంచి ఎక్కించినోన్ని. పంతులునై ఉండి నా కాపీ నేను దిద్దుకోలే. తప్పు నాదే అధ్యక్షా."

నా పెన్సిలు ఆగింది. ఒక్క క్షణం. నా ఉద్యోగంలో అంతకుముందు ఎప్పుడూ అలా ఆగలేదు. తలెత్తి ఆయన వంక చూడాలనిపించింది, చూడకూడదు. లేచి నిలబడి, కాదండీ నాది అనాలనిపించింది. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు సభలో నోరు లేదు. అన్నది అన్నట్టు రాయడమే. రాశాను.

ఆయన ఇంకా అన్నారు. "ఒక కుంట వోయింది. దానికి నేను జవాబు జెప్పుకోవాలె, మా ఊరికి. ఉన్న రెండు కుంటలన్న ఉంచున్రి."

మంత్రిగారు లేచి, ఆ రెండింటినీ ఎవరూ ముట్టుకోరని, పేర్లతో సహా ఆ రోజే ఉత్తర్వు పంపిస్తానని చెప్పారు. పంపించారు కూడా. పూడ్చిన దాన్ని మళ్లీ తవ్విస్తామని కూడా అన్నారు. అది మాత్రం ఈ రోజుకీ జరగలేదు.

గదికి వచ్చి ఎత్తి రాయడం మొదలుపెట్టాను. "సదవకుంట" దగ్గరికి రాగానే అలవాటుగా "చదవకుండా" అని రాయబోయి ఆగాను. సదవకుంట అనే రాశాను. వెట్టిన, లే, నాదే, అన్నీ ఆయన అన్నట్టే రాశాను. ఖాద్రీ సాబు ఆ కాగితాలు చదివారు. చేతిలో ఎర్ర పెన్ను ఉంది. ఎక్కడా పెట్టలేదు. అలాగే అచ్చుకు పోయింది.

నాకు రావాల్సిన మెమో రాలేదు. సభ్యుడే తన తప్పని సభలో ఒప్పుకున్నాక ఆఫీసు ఇంకెవరిని అడుగుతుంది? ఆయన లేచి ఆ మాట ఎందుకన్నారో నాకు అప్పుడు అర్థమైంది.

పదికి ఎన్ని

ఆ తరవాత ఆయన ప్రతి కాపీ చదివారు. చదివి ఊరుకున్నారా? ఎర్ర సిరాతో సున్నలు చుట్టి, చివరి పేజీలో సంతకం పక్కన మార్కులు వేసి పంపేవారు. పదికి ఆరు. పదికి ఏడున్నర. "శ్రద్ధ పెంచవలెను" అని ఒకసారి. మా గదిలో ఆ కాపీ వచ్చిన రోజు పండగే. శ్రీకాకుళం అమ్మాయికి ఒకసారి తొమ్మిది వచ్చిందని నేను రెండు రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు.

నేను యాదమ్మ దగ్గర పాఠాలు పెట్టుకున్నాను. రోజూ బస్సులో అయిదు మాటలు. చెలక, మడి, ఒడ్డు, కంచె, చెరువు లోపలి నేలకు శిఖం. ఒక చిన్న పుస్తకంలో రాసుకునేదాన్ని. ఆమె నా ఉచ్చారణ విని గంప పక్కన పెట్టి నవ్వేది. "సర్కారు నీకు జీతమిస్తది, నాకు ఏమిస్తది" అనేది. ఒకనాడు ఆమెను వెంటబెట్టుకుని ఆ ఊరు పోయాను. మిగిలిన రెండు కుంటలూ చూశాను. ఒకదాంట్లో నీళ్లు అడుగంటాయి, ఇంకోదాంట్లో కొంగలున్నాయి. మూడోదాని దగ్గర తీగ కంచె, లోపల గడ్డి. కంచె పట్టుకుని కాసేపు నిలబడ్డాను.

పిల్లలూ, ఇప్పుడు మీకు మంచి యంత్రాలున్నాయి. మాట వినబడగానే అక్షరాలు పడుతున్నాయట. సంతోషం. ఆ యంత్రానికి కూడా మా ఊరి తెలుగే ఎక్కువ నేర్పి ఉంటారని నా అనుమానం. మీకు కొత్తగా వినబడిన మాటను దిద్దబోయే ముందు, ఆ మాట ఇంట్లో మాట్లాడుకునే మనిషిని ఒకరిని అడగండి. బస్సులో పక్క సీట్లోనే ఉంటారు.

నాకు ఈ ఉద్యోగం చాలా ఇచ్చింది. ఖాద్రీ సాబు లాంటి అధికారిని ఇచ్చింది. యాదమ్మ స్నేహం మాటల పుణ్యమే. అంతయ్య సారు పదవీకాలం ముగిసేముందు పంపిన ఆఖరి కాపీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పదికి తొమ్మిదిన్నర వేశారు. పక్కన ఎర్ర సిరాతో, "ఊకోను అన్న. ఊరుకోను అని రాసినవ్. అర మార్కు కట్" అని ఉంది. ఆయన పోయారని తెలిసిన రోజు దాన్ని తీసి చూసుకుని నవ్వాను, ఆ తరవాత ఏడ్చాను.

సభ గ్రంథాలయంలో ఆ సంపుటం ఉంది. ఎవరైనా తీసి చూస్తే అంతయ్య సారు పేరు కింద "తప్పు నాదే అధ్యక్షా" అని కనిపిస్తుంది. ఆయన ఆ మాట అన్నారు. నేను పొల్లు పోకుండా రాశాను. రిపోర్టరుగా అందులో అక్షరం మార్చే హక్కు నాకు లేదు, మార్చలేదు కూడా. ఇప్పుడు నేను రిటైరయ్యాను. ఆయన నాకు నేర్పినట్టే, ఆలస్యంగానైనా, ఆ ఒక్క మాట ఎర్ర సిరాతో దిద్దుతున్నాను.

తప్పు ఆయనది కాదు. నాది.